నా వెనక కూర్చున్నవాళ్ళు

జరగండి, ఇంకొంచెం ఇటు జరగండి. నాది గుడ్డ గొంతు, గట్టిగా పలకదు. దూరంగా కూర్చుంటే సగమే వినబడుతుంది. సగం విన్నవాళ్ళతోనే జీవితమంతా నాకు తంటా. ఆ, అట్లా. తలుపు దగ్గర ఎవరైనా నిలబడి వింటున్నారేమో చూశారా? లేరు కదా? సరే, అయితే చెబుతాను.

నేను ఒక తెరను. సినిమా తెరను. మీరు హాళ్ళలో చూసే ప్లాస్టిక్ తెర కాదు, నూలు తెరను. గంజి పెట్టి, ఏట్లో ఉతికి, రాళ్ళ మీద ఆరేసిన ఒళ్ళు నాది. ఊరి పేరు మాత్రం అడగొద్దు. చెప్పానంటే 'మా ఊరినే అంటావా' అని రేపు ఎవరో ఒకరు బయలుదేరి వస్తారు. అనంతపురం దిక్కున, వేరుశనగ పండే ఎర్రనేలలో, కన్నడం మాట గాలికి వచ్చి చెవిన పడే చోటు అనుకోండి, చాలు.

నన్ను నేసిన చేతులు గుర్తులేవు కానీ మగ్గం చప్పుడు గుర్తుంది. గుర్తున్న మొదటి మనిషి బీబీజాన్, టూరింగ్ టాకీసు నడిపే పీరాసాహెబు భార్య. అంగట్లో నన్ను కొలిచేటప్పుడు అంగడాయన గజంబద్ద జరుపుతాడేమోనని ఆమె ఆయన బొటనవేలు మీది నుంచి చూపు తిప్పలేదు. ఈమె రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ లాగుతుందేమోనని ఆయన ఆమె చేతినే చూస్తూ కత్తిరించాడు. ఇద్దరూ మంచివాళ్ళే సుమా. మనుషులు ఒకరినొకరు చూసుకునే పద్ధతే అంతని నాకు పుట్టిన రోజే అర్థమైంది.

బీబీజాన్ నన్ను ఇంటికి తెచ్చి, పొడవాటి ముక్కలుగా కోసి, మళ్ళీ ఒకటిగా కుట్టింది. కుట్టు మీద కుట్టు వేసింది. చుట్టూ నల్ల అంచు పెట్టింది, పైన ఇత్తడి రింగులు బిగించింది. ఆ తర్వాత నేను చూడని ఊరు లేదు. కోతలు అయిపోయిన చేలల్లో డేరా వేసేవాళ్ళు, నడుమ నన్ను కట్టేవాళ్ళు. నా ముందర ఇసుకలో మగవాళ్ళు, నా వెనక చాపల మీద ఆడవాళ్ళు.

ఇది మా వైపు పద్ధతి. బిడ్డ తల్లులు, కొత్త కోడళ్ళు, ముసలమ్మలు అందరూ వెనకే. పాలివ్వాలన్నా, కాళ్ళు చాపుకోవాలన్నా, కథకు కన్నీళ్ళు పెట్టుకోవాలన్నా అక్కడ మగవాళ్ళ కళ్ళు పడవు. వాళ్ళకు బొమ్మ కనిపించాలి కదా, అందుకని ఆట మొదలయ్యే ముందు నా మీద నీళ్ళు చల్లేవాళ్ళు. పొడిగా ఉంటే వెలుగు నా ముఖం మీదే ఆగిపోతుంది. తడిశానంటే నాలోంచి పారి అవతలికి దిగుతుంది. అప్పుడు నాకు రెండు ముఖాలు. రెంటి మీదా అదే బొమ్మ.

అదే బొమ్మ అన్నానా? కాదు, కొంచెం తేడా. ముందువాళ్ళకు రాజు కుడిచేత్తో కత్తి దూసేవాడు, వెనకవాళ్ళకు ఎడంచేత్తో. ముని ఇటువాళ్ళను కుడిచేత్తో దీవిస్తే అటువాళ్ళను ఎడంచేత్తో దీవించేవాడు. ఆడవాళ్ళు పట్టించుకోలేదు. 'సినిమావాళ్ళ వాటమే అంతలే' అని సరిపెట్టుకున్నారు. పేర్లు పడేటప్పుడు అక్షరాలు తిరగబడి కనిపిస్తే 'కన్నడం అయ్యుంటాది' అనుకున్నారు. కథే కదా, ఏ చెయ్యయితే ఏమి!

తర్వాత సిమెంటు హాళ్ళు లేచాయి, డేరా మూలబడింది. నన్ను వేరుశనగ కుప్పల మీద కప్పారు, పెళ్ళిపందిట్లో కట్టారు. పీరాసాహెబు పోయాక బీబీజాన్ నన్ను ఉతికి, మడిచి, వేపాకు వేసి ఇనపపెట్టెలో పెట్టింది. పోయే ముందు మనవడు మస్తాన్‌వలిని పిలిచి, 'దీన్ని అమ్మొద్దు, ఎవురికీ ఇయ్యొద్దు. తడపకుండా ఆట ఆడొద్దు' అని చెప్పి కన్నుమూసింది.

మస్తాన్‌వలి ఊళ్ళో ఫోటో స్టూడియో పెట్టుకున్నవాడు. పెళ్ళిళ్ళు తీస్తాడు, పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు. అంతటితో ఊరుకుంటే ఏ బాధా లేకపోయేది. సీమలో తీసిన డాక్యుమెంటరీ సినిమాలన్నీ ఒకచోట చేర్చి మన ఊళ్ళో పండుగ చేద్దామని వాడి బుర్రలో పురుగు దూరింది. ఎండిపోయిన చెరువుల మీద, తోలుబొమ్మలాటల మీద, వలసపోయే కూలీల మీద పిల్లలు ఎక్కడెక్కడో సినిమాలు తీశారట. చూసే దిక్కు లేదట. మూడు సాయంత్రాలు అందరికీ చూపిస్తానన్నాడు, అదీ ఊరికే.

ఊరికే అన్న మాటతోనే ఊరికి అనుమానం పుట్టింది.

"టికెట్ లేదంటే ఏమో అమ్ముతారప్పా. మొన్న కుక్కర్లోళ్ళు ఇట్లనే వచ్చిరి," అన్నాడు టీకొట్టు దగ్గర ఒకాయన.

"హీరో ఎవురు?" అని ఇంకొకాయన.

"హీరో లేడన్నా. ఇవి నిజమైన మనుషుల సినిమాలు," అన్నాడు మస్తాన్.

"నిజమైన మనుషుల్ని చూసేకి నీ సినిమా ఎందుకు? ఈడ కూచుంటే ఊరికే కనపడ్తారు."

కల్యాణమండపం వాళ్ళు ఇస్తామని చెప్పి వెనక్కి తగ్గారు. మస్తాన్ వెనక ఏదో పార్టీ ఉందని ఒక మాట, ఏదో కంపెనీ ఉందని ఇంకొక మాట. పోలీసాయన వచ్చి బ్యానరు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చదివి, 'దీని వెనక ఎవరున్నారు?' అని అడిగి వెళ్ళాడు. నాకు నవ్వొచ్చింది. నా వెనక ఎప్పుడూ ఆడవాళ్ళే ఉన్నారు, ఆ మాట ఎవరూ అడగలేదు. చివరికి పంట లేని కాలం కనక మార్కెట్‌యార్డులో చోటు దొరికింది. బాడుగకు ప్లాస్టిక్ తెర ఇస్తానన్నవాడు రాలేదు. అప్పుడు మస్తాన్ ఇనపపెట్టె తెరిచాడు.

నన్ను విప్పగానే పట్నం నుంచి వచ్చిన అతిథి ఒకాయన చేత్తో నిమిరి, 'అబ్బ, ఇది మ్యూజియంలో ఉండాల్సిన వస్తువండీ' అన్నాడు. ఎవరైనా మరీ మెచ్చుకుంటున్నారంటే చేతిలో కత్తెర ఉందేమో చూసుకోవాలి.

మొదటి సాయంత్రం జనం వచ్చారు. నమ్మి కాదు, ఏమి అమ్ముతారో చూద్దామని. వేరుశనగ వ్యాపారి ఇంటి ఓబులక్క ముందుగా వచ్చి మస్తాన్‌ను నిలదీసింది. "ముందర మగోళ్ళ నడుమ మేము కూచోము. వెనక చాపలెయ్యి. తెరకి నీళ్ళు కూడా బాగా కొట్టు. మీ జేజి బీబీజాన్ ఉన్నెప్పుడు ఎట్లుండెనో అట్లుండాల." మస్తాన్ చాపలు వేయించి, బిందెతో నన్ను తడిపాడు. ఎన్నేళ్ళకో తడిశాను నాయనా. ఒళ్ళంతా ప్రాణం వచ్చింది.

ఆటకు ముందు మస్తాన్ మైకు పట్టుకుని గట్టిగా చెప్పాడు. "ఇవి కట్టుకథలు కావు. ఇందులో చూపేదంతా నిజం. కంటికి కనపడింది కనపడినట్లు." ఆ మాట ఒక్కటి అనకుండా ఉంటే ఎంత బాగుండేదో.

ఆ రోజు అందరూ ఎదురుచూసింది సుంకులవ్వ మీద తీసిన సినిమా కోసం. సుంకులవ్వ ఎవరని అడుగుతారా? ఆ చుట్టుపక్కల ఆమె చేతుల్లో పడకుండా నేలమీద పడిన బిడ్డ లేదు. మంత్రసాని. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రిలోనే అయినా, బిడ్డను తొట్లో, అదే ఉయ్యాల్లో, వేసే రోజు నాలుక మీద తేనెచుక్క పెట్టాల్సింది మాత్రం ఆమే. ఆ చుక్కతోనే బిడ్డకు మాట, బుద్ధి, అన్నం అని నమ్మకం. దిష్టి తగలకుండా చుట్టూ చీర తెరలాగా పట్టుకుంటారు. లోపల అవ్వ, తల్లి, బిడ్డ. ఆమె చుక్క పెట్టడం బయటివాళ్ళు ఎవరూ చూడరు. ఆ తల్లులైనా చూసింది లేదు. చుక్క పడేదాకా తల్లి కళ్ళు మూసుకుని దండం పెట్టుకోవాలి.

కర్నూలు పిల్ల హిమజ ఒక తల్లిని, అవ్వను ఒప్పించి ఆ చీర లోపలికి కెమెరా తీసుకుపోయింది. పండుగలో ఆ సినిమానే గొప్పది. సుంకులవ్వను ముందువరసలో కుర్చీ వేసి, శాలువా కప్పి కూర్చోబెట్టారు. ఆమెకు అది సంబరమో భయమో తెలియలేదు. శాలువా జారుతుంటే రెండుచేతులా పట్టుకుని కూర్చుంది.

నా మీద బొమ్మ పడింది. అవ్వ చేతిని అంత పెద్దగా అంతకుముందు ఎవరూ చూడలేదు. మణికట్టు మీద పచ్చబొట్టు తేలు, వేలి కొసన తేనెచుక్క. వేలు బిడ్డ పెదవుల మీదికి వంగింది. ముందరివాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక గొణుగుడు మొదలైంది.

"ఏమే, చూస్తివా?" అంది ఓబులక్క పక్కామెను గిల్లి. "ఎడంచేత్తో పెడ్తాండాది!"

"నీ కండ్లు మసకలే అక్కా."

"నావి మసకైతే నీ కండ్లతో చూడే."

పక్కామె చూసింది. "అవునక్కా! ఎడంచెయ్యే!"

"అయ్యో, మా సోముగానికి కూడా ఈయమ్మే పెట్టె. వాడు పది పాసు కాకపోయేది ఇందుకేనేమో," అంది ఇంకొకామె.

"నీ కొడుకు పుస్తకం తెరిస్తే గదా పాసయ్యేది."

"నగుతావేమే? మన బిడ్డలందరికీ అట్లనే పెట్టిందేమో. ఎవురు చూసినారు? మనం కండ్లు మూసుకోని దండం పెట్టుకుంటాంటిమి," అని కసిరింది ఓబులక్క.

ఒక ముసలమ్మ మెల్లగా అంది, "సినిమాలోళ్ళదంతా ఎడంచేతివాటం గాదా?"

"కథ సినిమాకి అది. ఇది నిజం సినిమా అని మస్తాను మైకులో చెప్పె గదా!" అంది ఓబులక్క.



తెల్లారేసరికి ఆ మాట కొళాయిల దగ్గర, పాలకేంద్రం దగ్గర తిరిగింది. ఆ పండుగ అయిన మర్నాడే ఓబులక్క మనవరాలిని తొట్లో వేసే ముహూర్తం. సుంకులవ్వ రానక్కర్లేదని కబురు వెళ్ళింది. ఎందుకని మాత్రం చెప్పలేదు. అవ్వ బయటికి వస్తే ఆడవాళ్ళు బిడ్డలను చంకకు లాక్కుని తప్పుకున్నారు. ఎవరో ఒక చిన్న కోడలు, పాపం మనసు ఆగక, విషయం చెప్పేసింది.

నన్ను మడిచి స్టూడియోలో కుర్చీ మీద పెట్టారు కాబట్టి తర్వాత జరిగింది నేను కన్నాను, విన్నాను. సుంకులవ్వ వచ్చి గడపలోనే నిలబడింది.

"ఏం చూపిస్తివి మస్తానూ ఊరికి? నా చేతుల్లో పుట్టినోళ్ళే నా నీడ తొక్కేకి అసహ్యపడ్తాండారు. ఈ వయసులో నాకు ఈ చెయ్యి తప్ప ఏముందిరా?"

మస్తాన్ హిమజ వైపు తిరిగాడు. "సినిమాలో ఏమన్నా మార్చినావా తల్లీ?"

"నన్నా అడుగుతాండావు? ఈ పండుగ ఆపల్లని చూసేటోళ్ళు ఈ ఊర్లోనే ఉండారు. నీ వెనక ఎవరున్నారో నాకెట్లా తెలుసన్నా?" అంది ఆ పిల్ల కళ్ళనీళ్ళతో.

ల్యాప్‌టాప్ తెరిచి చూశారు. కుడిచెయ్యే. ఎన్నిసార్లు చూసినా కుడిచెయ్యే. ఎవరో ఆడవాళ్ళకు నూరిపోశారన్నాడు మస్తాన్. నేను మడతల్లో నుంచి 'ఒరే, నా వెనక్కి పోయి చూడరా' అని మొత్తుకున్నాను. ఎవరికి వినబడుతుంది?

అవ్వ మాత్రం తల ఊపలేదు. "ఓబులు నోటిదురుసు మనిషి, కాదనను. అబద్దమాడే రకం గాదు. ఈ పొద్దు మళ్ళా అదే సినిమా ఎయ్యి. నేను ఓబులు పక్కన కూచోని చూస్తా. ఆయమ్మ కండ్లకు ఏం కనపడిందో నా కండ్లకూ కనపడనీ."

రెండో సాయంత్రం యార్డు నిండింది. ఇప్పుడు ఏమీ అమ్మరని తెలిసినా వచ్చారు, గొడవ ఉంది కదా. సుంకులవ్వ ముందువరస కుర్చీ వదిలి, శాలువా మస్తాన్ చేతిలో పెట్టి, నా వెనక్కి వచ్చి చాప మీద కూర్చుంది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. మర్యాదకు జరిగారో, తగలకూడదని జరిగారో చెప్పలేను.

నా మీద బొమ్మ పడింది. తేలు, వేలు, తేనెచుక్క.

అవ్వ ముందుకు వంగి చూసింది. ఎడంచెయ్యి! తన ఒళ్ళో ఉన్న చేతులను తిప్పి తిప్పి చూసుకుంది, అవి తనవో కావో అన్నట్టు. "నేనేనా పెట్టింది?" అని గొణిగింది. అంతలోనే ఆమెకూ అనుమానం వచ్చింది. మధ్యాహ్నం ఒకటి చూపి ఇప్పుడు ఇంకొకటి చూపుతున్నాడా మస్తాను? ఆ క్షణాన ఆమె ముఖం చూస్తే నేను రెండుగా చిరిగిపోతే బాగుండుననిపించింది.

ఓబులక్క గెలిచినట్టు కూడా లేదు. "చూస్తివా అవ్వా? నేనేం కల్పించి చెప్పలేదు," అంది. "నా బిడ్డలిద్దరికీ నువ్వే పెడితివి. నిన్ను మా అమ్మకంటే ఎక్కువ అనుకుంటి."

సుంకులవ్వ లేచింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నా దగ్గరికి వచ్చింది. నా మీద ఆమె చెయ్యి ఇంకా కదులుతోంది. నిజం చెయ్యి ఎత్తి, ఆ బొమ్మ చేతి మీద పెట్టింది. అద్దం ముందు నిలబడి అద్దాన్ని తాకినట్టు, చెయ్యి మీద చెయ్యి, తేలు మీద తేలు కూర్చుంది. ముందువైపు నా ఒళ్ళు ఉబ్బేసరికి దయ్యమని ఎవరో కేకపెట్టారు. ఆమె అది వినలేదు.

"ఓబులూ," అంది వెనక్కి తిరగకుండానే, "నా తేలు పచ్చబొట్టు ఏ చేతికుండాది?"

"కుడిచేతికి. ఊరందరికీ తెలుసు గదా."

"ఈడ చుక్క పెట్టే చేతికి ఏముండాది? చూసి చెప్పు."

ఓబులక్క కళ్ళు చికిలించి చూసింది. ఒకసారి బొమ్మను, ఒకసారి అవ్వ మణికట్టును. "తేలు... తేలే ఉండాది."

"పచ్చబొట్టు చచ్చినా పోదంటారు. చెయ్యి మారతాదేమే? అద్దంలో చూసుకోని కాటుక పెట్టుకుంటావే, ఆ అద్దంలో మనిషి ఏ చేత్తో పెట్టుకుంటాది? లెయ్. లేచి ముందరికి పోదాం పా."

ఆడవాళ్ళంతా బిడ్డలను ఎత్తుకుని నన్ను చుట్టి ముందుకు వచ్చారు. నా పుట్టుకలో ఎన్నడూ చూడని వింత. మస్తాన్ ఆ ముక్క మళ్ళీ వేశాడు. తేలు, వేలు, తేనెచుక్క. కుడిచెయ్యి. కొందరు మళ్ళీ వెనక్కి పరిగెత్తి చూసి, మళ్ళీ ముందుకు వచ్చి చూశారు. మొగుళ్ళు కూడా వాళ్ళ వెంట తిరిగారు. సినిమా కంటే ఆ తిరగడమే పెద్ద పండుగైంది. నిన్నటి ముసలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిట్టూర్చింది. "అయితే ఇన్నేండ్లూ నేను చూసిన రాజులంతా కుడిచెయ్యోళ్ళేనా? ముందే చెప్పల్ల గదా మగోళ్ళు!"

అందరూ నమ్మారనుకుంటున్నారా? మీరు మా ఊరిని ఎరగరు. తెల్లారేలోగా సినిమా మార్చేశారని అన్నవాళ్ళున్నారు. నా మీద చల్లిన నీళ్ళలో ఏదో ఉందన్నవాళ్ళూ ఉన్నారు. ఓబులక్క మాత్రం అవ్వ చెయ్యి పట్టుకుని, "ఎల్లుండి రావల్ల నువ్వు. కాకపోతే..." అని నసిగింది.

"కాకపోతే చీర పట్టొద్దు, అందరూ చూడల్ల. అదే గదా నీ మాట?" అంది సుంకులవ్వ. "పట్టొద్దులే. చూసుకోండి." ఆ మాట నవ్వుతూనే అంది. ఆ నవ్వు మాత్రం కంటిదాకా పోలేదు.

మూడో సాయంత్రం గొడవ ఏమీ లేకుండా గడిచింది. నన్ను విప్పేటప్పుడు అవ్వ మస్తాన్‌ను అడిగింది. "తొట్లో కొత్తగుడ్డ పరచరాదు నాయనా. పాతది, నలిగింది, మెత్తంది కావల్ల. దీని మూల ఒకటి ఇస్తావా? చిన్న ముక్క చాలు."

ఎవరికీ ఇవ్వొద్దన్న జేజి మాట మస్తాన్‌కు గుర్తొచ్చినట్టుంది, కత్తెర తీసి మళ్ళీ కింద పెట్టాడు. పట్నం అతిథి అబ్బెబ్బే అన్నాడు. ఇన్నాళ్ళూ కత్తెర అంటే భయపడిన నేను, నిజం చెబుతున్నాను, కొయ్యరా అనుకున్నాను. వాడు బీబీజాన్ కుట్టు తెగకుండా కింది మూల కోశాడు.

అందుకే ఆ ఇంట్లో జరిగింది నేను చూడగలిగాను. నా ముక్క తొట్లో ఉంది, నా మీద ఓబులక్క మనవరాలు ఉంది. చుట్టూ ఊరి ఆడవాళ్ళు మెడలు చాచి నిలబడ్డారు. చీర అడ్డం లేదు. సుంకులవ్వ కుడిచెయ్యి పైకెత్తి అందరికీ చూపింది, తేలు కనపడేట్టు. వేలు తేనెలో ముంచి మెల్లగా వంచింది. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. నాకు బీబీజాన్ చూసిన బొటనవేలు గుర్తొచ్చింది.

చుక్క నాలుకను తాకింది. బిడ్డ చప్పరించింది. చప్పరించి, గుప్పిట విప్పి, అవ్వ వేలిని గట్టిగా పట్టుకుంది.

ఎడంచేత్తో.

ఓబులక్క ముఖం మాడిపోయింది. సుంకులవ్వ ఆమె వంక చూసి, ఈసారి కంటినిండా నవ్వింది.

"ఎందుకే ముఖం అట్ల పెడ్తావు? ఆ పక్కకి పోయి చూడు. కుడిచెయ్యి అయిపోతాది."

అందరూ గొల్లుమన్నారు. ఓబులక్క కూడా నవ్వింది. నవ్వి, ఎవరూ చూడటం లేదనుకున్నాక, తొట్టి చుట్టూ తిరిగి అవతలి పక్కకు వెళ్ళి ఒకసారి వంగి చూసింది.

నేను చూశాను.

ఇప్పుడు మిగతా నేను మళ్ళీ ఇనపపెట్టెలోనే ఉన్నాను, వేపాకుల మధ్య, ఒక మూల తక్కువగా. మ్యూజియం వాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారట. మస్తాన్ వచ్చే ఏడు పండుగకు ఇప్పటి నుంచే సినిమాలు వెతుకుతున్నాడట. ఆడవాళ్ళకు చాపలు ముందు వెయ్యాలా వెనక వెయ్యాలా అని ఊళ్ళో కొత్త వాదన మొదలైందట.

మీరు విన్నారు కదా, గుర్తుపెట్టుకోండి. మీ ఇళ్ళల్లో, మీ బిడ్డలకు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పండి. ఒక మాట అటో ఇటో అయినా పరవాలేదు. కానీ చెప్పే ముందు, ఏ పక్కన కూర్చుని చూశారో అది మాత్రం తప్పకుండా చెప్పండి నాయనా.